తువ్వాలు పరిచిన చోటు

జహీదా రైల్లో ఎవరో ఆఫీసరు గారి తువ్వాలు కొట్టేసిందట, ఉప్పులూరులో దింపి పోలీసులకు అప్పజెప్పారట. పంపు దగ్గర మా పక్కింటి బుల్లెమ్మ చెప్పిన కబురిది. ఆమెకు మరిది చెప్పాడట. మరిదికి ఎవరు చెప్పారంటే, "రైలన్నాక ఎవరో ఒకరు చెబుతారు గదా" అందట.

తువ్వాలు పోయిన మాట నిజమే. తక్కిందంతా బుల్లెమ్మ కలిపిన ఉప్పూకారం.

జహీదాది మా వీధి చివరిల్లు. పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేస్తుంది. బెజవాడ వన్ టౌన్‌లో ఒక కొట్టు నుంచి చీరలు తెచ్చుకుని, పని ముగించి, రోజు మార్చి రోజు వెళ్లి అప్పజెప్పి రావాలి. పుష్కరాల మరుసటేడు వానల్లో గడపలో జారి మోకాలు విరగ్గొట్టుకుంది. లోపల ప్లేటు వేశారు. అప్పట్నుంచి ఆ కాలు ముడవదు, కింద కూర్చోలేదు. నిలబడితే మోకాలు బూరెలా పొంగుతుంది. కంకిపాడు మీదుగా బస్సుంది గానీ ఆ గుంతలకి మంచి మోకాళ్లే కదిలిపోతాయి. ఇక మిగిలింది బందరు ప్యాసింజరు.

అది మా ఊరి హాల్టుకి వచ్చేసరికే నిండిపోయి ఉంటుంది. జహీదా ఎక్కే పెట్టెలో ఒక్కటంటే ఒక్క చోటు ఖాళీ. దాని మీద నీలంగళ్ల తువ్వాలొకటి పరిచి ఉంటుంది. గుడివాడలో ఎక్కే సీజన్ టిక్కెట్ల గుమాస్తాలు పరిచేది అది. ఉప్పులూరులో ఎక్కే వెంకటకృష్ణారావు గారి కోసం. ఆయన వాళ్ల ఆఫీసులో సూపర్నెంటు, వాళ్ల పేకాటలో నాలుగో చెయ్యి.

ఆపరేషనయ్యాక ఎక్కిన మొదటిరోజు జహీదా మర్యాదగానే అడిగింది.

"బాబూ, కాలు బాగాలేదు. కాస్త కూర్చుంటాను."

"మనిషున్నారు పిన్నిగారూ" అన్నాడు ఫిన్నీ, మోకాళ్ల మీది సూట్‌కేసుపై ముక్కలు కలుపుతూ. గుమాస్తాల్లో చిన్నవాడు.

"ఎక్కడ?"

"తువ్వాలుంది కదండీ."

బెజవాడ దాకా నిలబడే వెళ్లింది. ఇంటికొచ్చాక మొగుడు హుమాయూన్ ఆమె మోకాలికి కాపడం పెడుతూ, "కొట్టువాళ్లకి చెప్పేస్తాలే, చీరలు ఇంకెవరికైనా ఇచ్చుకుంటారు" అన్నాడు.

"ఇంకొకరి చేతికి పోయిన చీరలు మళ్లీ నా గడప తొక్కుతాయా? నేను మానను."

"రైలు మనది కాదు గదే."

"వాళ్లదీ కాదు."

ఆకుకూరల శౌరమ్మ గుడివాడలోనే ఎక్కి, తలుపు దగ్గర గంప పెట్టుకుని కూర్చుంటుంది. ఆమెని పట్టుకుని, మొగుడి తువ్వాలు చేతిలో పెట్టింది జహీదా. "వదినా, నువ్వెక్కగానే నాకో చోటు చూసి ఇది పరిచెయ్యి. వాళ్ల పద్ధతే మనదీ."

శౌరమ్మ అలాగే పరిచింది. రైలు కదలకముందే గుమాస్తా ఒకాయన దాన్ని తీసి గంపలో పడేసి, ఆ చోట్లో తను కూర్చున్నాడు.

"మనిషుందయ్యా" అంది శౌరమ్మ.

"గోంగూర మీద కూర్చోమను" అన్నాడాయన.

హాల్టులో జహీదా ఎక్కింది. శౌరమ్మ గంపలోని తువ్వాలు చూపించింది. జహీదా నిదానంగా కుంటుకుంటూ వెళ్లి, నీలంగళ్ల తువ్వాలు ఎత్తి, నాలుగు మడతలు పెట్టి, కిటికీ ఊచకి తగిలించి, ఆ చోట్లో కూర్చుంది. ముడవని కాలు సూట్‌కేసు కింద నుంచి బారుగా చాపుకుంది.

"అదేంటండీ, తువ్వాలుండగా?"

"నాదీ ఉందిగా, గంపలో."

ఫిన్నీకి నవ్వొచ్చింది. "పిన్నిగారూ, అక్కడ కూర్చున్నవాళ్లు ముక్కలు పట్టాలి మరి."

"సూది పట్టే చెయ్యికి ముక్కలో లెక్కా? వెయ్యి."

పెద్ద గుమాస్తా మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు. "లేవండమ్మా. ఆయనొస్తే బాగోదు."

"ఈ కుచ్చు అయ్యేదాకా లేవను. ఇదయ్యాక ఇంకోటుంది" అని సంచిలోంచి చీర తీసి ఒళ్లో పరుచుకుంది. ఆయన ఏదో అనబోయేంతలో రైలు వేగం అందుకుంది. ఊచ మీది తువ్వాలు టపటపా కొట్టుకుని, మడత విప్పుకుని, కిటికీలోంచి ఎగిరి చేపల చెరువులో పడింది. దాన్ని పట్టుకోబోయి ఆయన చేతిలో ముక్కలు కూడా సగం దానివెంటే పోయాయి.

ఉప్పులూరు వచ్చింది. వెంకటకృష్ణారావు గారు టిఫిను కారియరుతో ఎక్కి, నేరుగా తన చోటికి వచ్చి, ఆగిపోయారు.

"తువ్వాలేదయ్యా?"

ఫిన్నీ కిటికీ వైపు చూశాడు. తలుపు దగ్గర్నుంచి శౌరమ్మ అందుకుంది. "మీ మనిషి ఇందాకే చేపల చెరువులో దిగిపోయాడండీ."

పెట్టె పెట్టెంతా గొల్లుమంది. రావు గారు నవ్వలేదు. నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, మెత్తగానే మొదలుపెట్టారు.

"చూడమ్మా, ఏళ్ల తరబడి ఇది నేను కూర్చునే చోటు. ఈ పెట్టెలో ఎవర్నైనా అడుగు."

జహీదా ఎవర్నీ అడగలేదు. దారం పళ్లతో తెంపి, ముడేసింది. పక్కవాళ్లు ఆమె వంకే చూస్తున్నారు. పెద్ద గుమాస్తా లేచి తన చోటు ఇవ్వబోతే రావు గారు వద్దని చేత్తో వారించారు. ఆయనకి కావలసింది ఆ చోటే.

"అయితే నన్ను బెజవాడ దాకా నిలబడమంటావా?"

జహీదా కుచ్చు మీది నుంచి తలెత్తకుండానే అంది.

"నిలబడండి. కాళ్లున్నాయిగా."