చీపురు దాటితే

కోరుట్ల బస్టాండు పక్కన పాషా చెప్పుల దుకాణం ఉంది. దుకాణం పక్క గోడకు తెల్ల సున్నం వేయించి, దాని మీద ఎర్ర రంగుతో వరసగా పేర్లు రాయించాడు పాషా. బస్సు కోసం నిలబడ్డవాళ్లు వేరే పని లేక అవన్నీ చదువుతుంటారు. ఓటర్ల లిస్టేమో అనుకొని తమ పేరు వెతుక్కున్నవాళ్లు కూడా ఉన్నారు. అవి పాషా నడిపే గుట్ట క్లబ్బు వాళ్ల పేర్లు. ఏటా కార్తీకంలో సిరిసిల్ల వైపు గుట్టల మీద ఆ క్లబ్బు ఒక పందెం పెడుతుంది. ఇరవై ఒక్క కిలోమీటర్లు, మూడు గుట్టలు, నాలుగున్నర గంటలు. ఆ గడువులో పరుగు ముగించినవాళ్ల పేరు గోడకెక్కుతుంది. మొదట వచ్చినవాడికీ ఆఖరున వచ్చినవాడికీ ఒకటే సైజు అక్షరాలు.

ఆ గోడ మీద తన పేరు చూసుకోవాలని నర్మద కోరిక. యాభై రెండేళ్ల జీవితంలో ఆమె నోరు విడిచి చెప్పిన కోరికలు తక్కువ. ఇది మాత్రం ఇంట్లో చెప్పింది, అక్కచెల్లెళ్లకు చెప్పింది, ఆఖరికి కూరగాయలమ్మే ఎల్లవ్వకు కూడా చెప్పింది. చెప్పి రెండుసార్లు ఓడిపోయింది.

ఆమె భర్త అనంత్ రావుకు జగిత్యాలలో ఎరువుల దుకాణం. ఆయన తాతల కాలంలో వాళ్లది ఊరు ఏలిన ఇల్లు. ఆ దొరతనం పోయి రెండు తరాలైంది గానీ, నడకలో మాత్రం కొంచెం మిగిలింది. ఆయన ఎక్కడికి పోయినా ముందు నడుస్తాడు. పెళ్లికి పోయినా, ఆస్పత్రికి పోయినా, మెట్‌పల్లిలో చీరల దుకాణానికి పోయినా సరే, నర్మద నాలుగడుగులు వెనుక. ఈ ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన ముఖం కన్నా వీపునే ఎక్కువ చూసింది. పాత ఇంట్లో ఉన్నప్పుడు, వెనుక నుంచి మగవాళ్ల అడుగులు వినిపిస్తే ఆడవాళ్లు గోడవైపు జరిగి దారి ఇచ్చేవాళ్లు. జరగమని ఎవరూ చెప్పేవాళ్లు కాదు. అత్తగారు జరిగేది, ఆమెను చూసి నర్మద జరిగేది. అందులో ఆయనకు గర్వమూ లేదు, ఆమెకు బాధా లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో చేతికి తెలిసినట్టు, కాళ్లకు అది తెలుసు.

క్లబ్బులో మొదట చేరింది ఆయనే. ఆదివారం పొద్దున్నే రాయికల్ అవతలి గుట్ట దగ్గరికి కారులో పోయేవాళ్లు. ఆయన గుట్టెక్కితే ఈమె కారు దగ్గర ఫ్లాస్కు పట్టుకొని కూర్చునేది. ఎంతసేపని కూర్చుంటుంది? ఒక ఆదివారం విసుగు పుట్టి, చీర కొంగు నడుముకు చెక్కి సగం గుట్ట ఎక్కింది. దిగి వచ్చేసరికి ఫ్లాస్కు ఎక్కడో పోయింది. పాషా ఆమె కాళ్లవైపు చూసి, సైజు ఎంతని అడిగి, మరుసటి వారం పరుగు బూట్లు తెచ్చి ముందు పెట్టాడు. చెప్పులమ్మేవాడికి కాలు చూస్తే మనిషి తెలుస్తుందట. నిజమో, అమ్మకం మాటో మనకు తెలియదు గానీ, ఆ బూట్లు మాత్రం సరిపోయాయి.

మరి కొన్నాళ్లకు అనంత్ రావు మోకాలు అరిగింది. డాక్టరు ఉరకవద్దన్నాడు, నడవమన్నాడు. అప్పుడు పాషా ఆయనకు చీపురు పని అప్పజెప్పాడు. పందెంలో అందరికంటే వెనుక ఒక మనిషి చిన్న ఎర్రజెండా పట్టుకొని నడుస్తాడు. సిరిసిల్ల మగ్గాల దగ్గర తెచ్చిన ఎర్ర పీలికలను దారి గుర్తుకని ముందురోజు చెట్లకు కట్టి ఉంచుతారు కదా, వాటిని విప్పి సంచిలో వేసుకుంటూ వస్తాడు. ఊడ్చుకుంటూ వస్తాడు కాబట్టి క్లబ్బు వాళ్లు చీపురు అని పేరు పెట్టారు. ఏ చోటికి ఎన్ని గంటలకు చేరాలో ఆ మనిషి దగ్గర కాగితం ఉంటుంది. ఆ టైము ప్రకారమే నడవాలి. చీపురు ఎవరిని దాటితే వాళ్ల పరుగు అక్కడితో సరి. ఛాతీ మీది నంబరు పీకి ఇచ్చేయాలి.

వేరేవాళ్లయితే అందరికంటే వెనుక నడవడానికి సిగ్గుపడేవాళ్లు. అనంత్ రావు ఆ ఆఖరి స్థానాన్ని కూడా అధికారం చేసుకున్నాడు. బ్యాంకు మేనేజరు దండం పెట్టినా వినలేదు, పిల్లల డాక్టరు ఏడ్చినా వినలేదు. నిరుడు నర్మదకు ఇంకో కిలోమీటరు ఉందనగా వెనుక నుంచి వచ్చి చేయి చాపాడు. ఆమె నంబరు తీసి ఇచ్చింది. దాన్ని మిగతావాటితో కలిపి సంచిలో వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు తప్ప, ఆ సంగతి ఎత్తలేదు. అంతకుముందు ఏడాది పిక్క పట్టేసి పన్నెండో కిలోమీటరులో ఆమే కూలబడింది. ఈ ఏడు మూడోసారి.

మూడోసారి అంటే మాటలా? ఎండాకాలం నుంచీ పట్టు పట్టింది. దుకాణంలో మిగిలిన మక్కజొన్న విత్తనాల ప్యాకెట్లు సంచిలో వేసి, వీపుకు తగిలించుకొని, మూడంతస్తుల మెట్లు రోజూ నలభైసార్లు ఎక్కి దిగింది. పక్కింటివాళ్లు మొదట బంధువులెవరో వస్తున్నారనుకున్నారు, తరువాత మతి పోయిందనుకున్నారు, ఆ తరువాత అనుకోవడం మానేశారు. ఆదివారాలు గుట్ట మీద పాషా ఆమెకు దిగడం నేర్పాడు. ఎక్కేటప్పుడు చేతులు మోకాళ్ల మీద పెట్టి నడవాలి, దిగేటప్పుడు కాళ్లకేసి చూడకుండా మూడడుగుల ముందు చూసి వదిలేయాలి. భయపడి బిగుసుకుంటేనే పడతావన్నాడు. నాలుగుసార్లు పడింది. అయిదోసారి నుంచి పడటం తగ్గింది.

పందెం రోజు పొద్దున ఆరింటికి అరవై మంది బయలుదేరారు. పదిన్నరకు గడువు. మొదటి గుట్ట నర్మదకు తెలియకుండానే అయిపోయింది. రెండో గుట్ట మీద ఎండ పడింది గానీ గాలి చల్లగా ఉంది. ఆమె ఆఖరున ఉంది, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమె వెనుక ఉన్న నలుగురు అప్పటికే నంబర్లు ఇచ్చేసి కిందికి దిగిపోయారు. అయినా ఈసారి లెక్క తప్పలేదు. రెండో గుట్ట దిగాక జంట బండలు వస్తాయి. చీపురు అక్కడికి తొమ్మిదీ పద్దెనిమిదికి వస్తుంది. అంతకంటే ముందు తాను బండలు దాటితే, మూడో గుట్ట ఎక్కడానికీ దిగడానికీ టైము చాలినంత ఉంటుంది. ఇది ఆమె కాగితం మీద రాసుకొని, పోపుల పెట్టె మూతకు అతికించుకున్న లెక్క.

జంట బండల మధ్య దారి సన్నం. ఒక మనిషికే చోటు, ఇద్దరు పట్టరు. అటూ ఇటూ సీతాఫలం చెట్లు. ఆ సందులోకి దిగి, ఊపిరి సమం చేసుకుంటూ నాలుగడుగులు వేసిందో లేదో, వెనుక అడుగుల చప్పుడు వినిపించింది. మడమ గట్టిగా ఆనించి, రెండో కాలు కొంచెం ఈడ్చే నడక. ఆ చప్పుడు ఆమెకు నిద్రలో కూడా తెలుసు.

ఆమె పక్కకు జరిగింది.

బండకు వీపు ఆనించి నిలబడింది. చేయి భుజం మీదికి పోయి, అక్కడ లేని కొంగు కోసం తడుముకుంది. అనంత్ రావు "ఊ" అంటూ ఆమె ముందు నుంచి నడిచిపోయాడు. ఇంట్లో వరండాలో ఎట్లా పోతాడో అట్లాగే పోయాడు, ముఖం కూడా చూడలేదు. పదడుగులు పోయి, సీతాఫలం కొమ్మకు కట్టిన ఎర్ర పీలిక విప్పాడు. విప్పిన పీలిక చేతిలో ఉండగానే ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈ బుద్ధి ఇద్దరికీ పుట్టుకతో వచ్చింది కాదు, పెళ్లితో వచ్చింది. అయినా అంతే గట్టిది.

"ఎందుకు జరిగినవ్?" అన్నాడు ఆయన.

"మీరు వస్తున్నరని," అంది ఆమె.

అనంత్ రావు గడియారం చూశాడు, జేబులోంచి కాగితం తీసి చూశాడు, మళ్లీ గడియారం చూశాడు. తొమ్మిదీ పద్నాలుగు. టైము కంటే నాలుగు నిమిషాలు ముందే వచ్చాడు. ముందు మనిషి కనిపిస్తే వెనుక ఉండలేని కాళ్లవి, కాగితం మాట ఎక్కడ వింటాయి? పీలికను మళ్లీ కొమ్మకు కట్టబోయాడు. ముడి పడలేదు. కొమ్మకు ఊరికే చుట్టి వదిలేసి, ఆ సన్న దారిలో ఆమెను రాసుకుంటూ వెనక్కి వచ్చి, బండ అవతల నిలబడ్డాడు.

"తప్పు నాదే. పో. ఎవ్వలు సూడలే," అన్నాడు.

తప్పు నాదే అని ఆయన నోట వినడం ఆమెకు అదే మొదలు. దాన్ని నిలబడి ఆనందించేంత తీరిక లేదు. ఉరికింది.

మూడో గుట్ట ఎక్కుతున్నంతసేపూ ఆమెకు ఒళ్లు మండిపోయింది. కోపం ఆయన మీద కాదు. ఆయన మీద అయితే బాగుండేది, అది పాత కోపం, దానితో కాపురం చేయడం ఆమెకు వచ్చు. ఇది తన మీద. గుట్ట ఆపలేదు, ఎండ ఆపలేదు, పిక్క పట్టలేదు. ఎవరూ జరగమనలేదు. ఆరు నెలలు మెట్లెక్కి పెంచుకున్న కాళ్లు, ఆ చప్పుడు వినగానే తనను అడగకుండా పక్కకు పోయి నిలబడ్డాయి. ఛీ, ఇంత కష్టపడి పెంచింది ఎవరి కాళ్లను అనుకుంది. ఆ మంటలో గుట్ట ఎప్పుడు ఎక్కిందో తెలియలేదు. దిగేటప్పుడు భయం గుర్తు రాలేదు, కాళ్లు వదిలేసింది. వెనుక చప్పుడు లేదు. లేదని తెలిసినా చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి.

పదీ ఇరవై ఏడుకు గీత దాటింది. ఇంకా మూడు నిమిషాలున్నాయి. ముందే వచ్చి కూర్చున్నవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. పాషా పరుగున వచ్చి నీళ్ల సీసా చేతిలో పెట్టి, భాభీ మొత్తానికి గోడెక్కిందని అందరికీ వినబడేట్టు చెప్పి, కాగితం మీద ఆమె పేరు రాసుకున్నాడు. నర్మద చాప మీద కూర్చుంది. రెండేళ్లుగా ఈ గడియ గురించి ఎంతో ఊహించుకుంది. తీరా వచ్చాక నీళ్లు తాగడం తప్ప ఏమీ తోచలేదు.

పదీ ముప్పైకి సరిగ్గా అనంత్ రావు వచ్చాడు. సంచి బల్ల మీద పెట్టి, తీసుకున్న నంబర్లు లెక్కబెట్టి ఇచ్చాడు. నాలుగు. దారిలో ఏమైనా సంగతులున్నాయా అని ప్రతి ఏడూ అడిగినట్టే పాషా అడిగాడు. ఏమీ లేవన్నాడు ఆయన. అని, నర్మద వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

డాక్టరు ఏడిస్తే కరగని మనిషి. క్లబ్బులో నియమాల కాగితం సగం ఆయన చేతిరాతే. అటువంటివాడు పది మందిలో నిలబడి ఆమె కోసం అబద్ధమాడాడు. నర్మదకు ఆయన మీద ప్రేమ కలిగింది, దాచడం దేనికి. కొంచెం ఏడుపు కూడా వచ్చింది. అయినా లేచి బల్ల దగ్గరికి పోయింది.

"పాషా భాయ్, నా పేరు కొట్టేయుండ్రి. జంట బండల కాడ ఈయన నన్ను దాటిండు," అంది.

పాషా అనంత్ రావు వైపు చూశాడు. ఆయన ఇక దాచలేక మొత్తం చెప్పాడు. తాను నాలుగు నిమిషాలు ముందు వచ్చిన సంగతి, ఆమె జరిగిన సంగతి, తాను గమనించకుండా దాటిన సంగతి. పాషా చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆఖరికి, చీపురు టైముకు ముందు వస్తే అది చీపురు తప్పే గానీ ఉరికేవాళ్ల తప్పు కాదనీ, ఈ పేరు కొట్టేయాల్సిన పని లేదనీ తేల్చాడు. కూర్చున్నవాళ్లంతా అదే న్యాయమన్నారు.

"టైం సంగతి గాదు భాయ్," అంది నర్మద. "చప్పుడు ఇనంగనే నేనే జరిగిన. నన్నెవ్వలు జరుగుమనలే. గోడ మీద పేరు సూసినప్పుడల్లా నాకు గా బండనే యాదికస్తది. నేను వచ్చే యేడు ఉరుకుత. అప్పుడు రాయుండ్రి."

నంబరు విప్పి బల్ల మీద మిగతా నాలుగింటి పక్కన పెట్టింది. పాషా ఆమె పేరు మీద గీత కొట్టలేదు, అట్లా అని మాట కూడా పెంచలేదు. అందరూ టిఫిన్ డబ్బాల మీద పడ్డారు.

అనంత్ రావు వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. కాసేపు మోకాలు రుద్దుకున్నాడు. వచ్చే ఏడు తాను ఇంకా దూరంగా ఉంటాననీ, బండలు వచ్చినప్పుడు అయిదు నిమిషాలు ఆగి నడుస్తాననీ అన్నాడు.

"మీరు ఎంత దూరం ఉన్నా గంతే," అంది ఆమె. "ఎనుక మీరున్నరంటే నేను చెవులు అటే పెట్టి ఉరుకుత. మల్ల జరుగుత. నాకు తెల్వకుండనే జరుగుత."

"దారిల నీళ్లిచ్చే కాడ నిలవడ్తే?"

"నీళ్లు తాగకుండ మీరు తాగిండ్రా అని అడుగుత."

"మరి నేను యాడుండాలె?"

వెటకారం కాదు. కొత్త ఊళ్లో దారి అడిగినట్టు అడిగాడు. నర్మద నిజంగానే ఆలోచించింది. గీత దగ్గర నిలబడితే? అక్కడా ఆయన ముఖం చూసి, బాగా ఉరికానో లేదో ఆయన్నే అడుగుతుంది. గుట్ట కింద కారులో కూర్చుంటే? ఎండలో ఉన్నాడే అని మనసు అక్కడే ఉంటుంది. మూడు గుట్టలూ మనసులో ఒక్కసారి ఎక్కి దిగి వచ్చింది. ఆయనకు ఎక్కడా చోటు దొరకలేదు.

"ఇంటికాడ ఉండుండ్రి," అంది.

అనంత్ రావు లేచి ఎర్రజెండాను కర్ర నుంచి విప్పి, నాలుగు మడతలు పెట్టాడు. పాషా దగ్గరికి పోయి అది ఇచ్చి, వచ్చే ఏటికి ఇంకెవరినైనా చూసుకొమ్మని చెప్పాడు. తిరిగి వచ్చి, "సరే," అన్నాడు.