గంట తాడుకు ముడి

గంట మోగింది. పొగమంచు మింగేసింది.

మళ్లీ లాగాను. మళ్లీ మింగేసింది.

ఫ్రాన్సులోని మా లొజేర్ కొండల్లో పొగమంచు దిగిందంటే చాచిన చెయ్యి కనబడదు. బయటికెళ్లిన మనిషి కోసం ఇంటివాళ్లు చర్చి గంట కొడుతూనే ఉండాలి. ఆ చప్పుడు పట్టుకుని వచ్చినవాడు తాడును కొక్కేనికి ముడేస్తాడు — నేను వచ్చేశాను, ఇక చాలు అని.

నా తాడు వదులుగానే వేలాడుతోంది. నా భర్త ఫిర్మిన్ తప్పిపోయిన గొర్రె కోసం వెళ్లిన చలికాలం నుంచి. పొగమంచు దిగినప్పుడల్లా కొడుతూనే ఉన్నాను.

ఒక్క గొర్రె కోసం... మొండి మనిషి.

గొర్రె మాత్రం తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం పొగమంచులో ఒక ఆకారం కదిలింది. మెల్లగా... తల వంచుకుని... కర్ర ఊతంతో.

నా చేతిలో తాడు ఆగిపోయింది.

ఫిర్మిన్ కాదు.

యాత్రికులు నడిచే దారి అవతలి లోయలో ఉంది. అది తప్పి ఇటు వచ్చాడట. పేరు బెనువా. మా ఊరి పేరు కూడా తెలియదు. తెలియాల్సిన అవసరం ఎవరికుంది గనక.

ఇంటికి తీసుకెళ్లి చెస్ట్‌నట్ సూపు పోశాను. ఊదుకుంటూ తాగాడు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని తింటుంటే ఎంత బాగుంటుందో మరిచేపోయాను.

గంట ఆగిందని మా బావగారు వచ్చారు. లెయాన్స్, ఫిర్మిన్ అన్నగారు. వచ్చినవాడే తాడు కట్టాలని బెనువాకి చెప్పారు. నేను వద్దన్నాను.

"ఎన్నాళ్లమ్మా ఇలా," అన్నారు, నా వైపు చూడకుండా. "ఎవరో ఒకరిని కట్టనీ."

ముగ్గురం చర్చికి వెళ్లాం. బెనువాకి ఏం తెలుసు. ప్రాణం దక్కిన సంతోషంతో కట్టాడు. బలంగా లాగి మరీ కట్టాడు.

బావగారు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

మర్నాడు ఎండ కాసింది. బెనువా మలుపు దగ్గర ఆగి చెయ్యి ఊపాడు. మళ్లీ రాడని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది.

చర్చికి వెళ్లాను. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. గట్టిగా కట్టాడు, పాపం. గోళ్లు నొప్పెట్టాయి.

తిరిగి చూస్తే గుమ్మంలో బావగారు. ఆపుతారేమో అనుకున్నాను.

"గట్టిగా కొట్టమ్మా," అన్నారు. "దూరంగా ఉన్నాడేమో."

గంట మోగింది.

పొగమంచు మింగేసింది...