ఎరుపుకు ఎరుపు

మా గస్ పిరికిది కాదు. స్కంకు అనే కంపు చిమ్మే జంతువు మీదికి ఎగబడి వారం రోజులు వీధంతా కంపు చేసిన కుక్క. అలాంటిది ఆ బుధవారం పొద్దున, పక్కింటి మాక్సీన్ గరాజు దగ్గర నిలబెట్టిన ఆర్వీ బండి ఇనుప మెట్టుకు ముక్కు తగిలించి కెవ్వుమంది. తోక ముడిచి మా వరండా కిందికి దూరింది, సాసేజ్ చూపించినా బయటికి రాలేదు.

రాత్రంతా వాన పడింది. ఆ తడి గడ్డిలో మాక్సీన్ ఒట్టి కాళ్ళతో ఆర్వీ వైపు నడిచి వస్తోంది. ఆమె మొగుడు డ్వేన్ పోయి ఆరు నెలలు. మంచం, పొయ్యి అన్నీ ఉన్న ఆ బండిలో ఇద్దరూ దేశమంతా తిరిగారు. ఇప్పుడు ఈవిడ ఒక్కతే మిగిలింది.

"ఆగు! దాన్ని ముట్టుకోకు!" అని అరిచాను.

"అరవకు ఆర్విల్, ఆయన బెదిరిపోతాడు."

"ఎవరు?"

"డ్వేన్. ఈ తలుపు పిడి పట్టుకుంటే నా చెయ్యి పట్టుకుంటాడు. మొదట్లో ఊరికే వేళ్ళు తగిలించేవాడు. వాన పడితే గట్టిగా పట్టుకుంటాడు. ఇవాళ బాగా తడిగా ఉంది కదూ?"

ఆ మాట అంటుంటే ఆమె ముఖంలో పెళ్ళికూతురి కళ.

నలభై ఏళ్ళు కరెంటు తీగలతో కాపురం చేసినవాణ్ణి. దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. "బతికున్నప్పుడు నలుగురిలో నీ చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు, చచ్చాక పట్టుకుంటాడా? అక్కడే నిలబడు!" అని కసిరి, రబ్బరు బూట్లు తొడుక్కుని టెస్టర్ తెచ్చాను.

బండికి జానెడు దూరంలో ఉండగానే టెస్టర్ కరెంటును పసిగట్టి కూయడం మొదలెట్టింది. తలుపు, మెట్టు, చక్రం బోల్టులు, ఎక్కడ చూసినా అదే కూత. బండి ఒళ్ళంతా కరెంటే.

గరాజులోకి పరిగెత్తి మెయిన్ ఆపేశాను. అప్పుడు ప్లగ్గు చూశాను. గోడకున్న పాత సాకెట్‌కు రెండే కన్నాలు, ఆర్వీ ప్లగ్గుకు మూడు కాళ్ళు. డ్వేన్ ఆ మూడో కాలు, అదే ఎర్త్ పిన్ను, రంపంతో కోసి పారేశాడు. మా ఊళ్ళో సగం గరాజుల్లో ఇదే నాటువైద్యం. ఎర్త్ లేకపోతే తప్పుదారి పట్టిన కరెంటుకు ముట్టుకున్న మనిషే దారి.

ఇంకో ముప్పు కూడా ఉంది. రెండు కాళ్ళే మిగిలాయి కనుక ప్లగ్గు ఎటు తిప్పినా దూరుతుంది. బండిలో ఎక్కడో ఒక తీగ ఒరుసుకుపోయి ఇనుముకు ఆనుకుంది. ప్లగ్గు ఒకవైపు పెడితే ఏమీ కాదు, తిరగేసి పెడితే చావే. అందుకే కాబోలు ప్లగ్గు మీదా సాకెట్ మీదా చెరో చుక్క ఎర్రటి గోళ్ళరంగు ఉంది. ఎరుపుకు ఎరుపు కలిపి పెట్టాలన్నమాట. ఇప్పుడది తిరగబడి ఉంది.

"నిన్ను పట్టుకున్నది డ్వేన్ కాదమ్మా, డ్వేన్ బద్ధకం!" అన్నాను. "తెలియక తిరగేసి పెట్టావు. ఈ చుక్కలెందుకో ఆ మహానుభావుడు చెప్పి చావలేదా?"

మాక్సీన్ గుమ్మంలో నిలబడి తన గోళ్ళు చూసుకుంది.

"ఆయన చెప్పేదేముంది? ఆ రంగు నాది. చుక్కలు పెట్టింది నేనే."

నేను ప్లగ్గు మీది చుక్క వైపు మళ్ళీ చూశాను.

"మొదటిసారి పొరపాటే ఆర్విల్," అంది మెల్లగా. "ఆ తర్వాత కాదు."

పొద్దుగూకేదాకా పనిచేశాను. పాత సాకెట్ పీకి మూడు కన్నాలది బిగించాను. దానికి మెయిన్ పెట్టె నుంచి విడిగా లావుపాటి తీగ లాగి, ఎర్త్ కలిపి, తేడా వస్తే తనంతట ఆగిపోయే స్విచ్ పెట్టాను. బండిలో ఒరుసుకున్న తీగ మార్చాను. దానికి కొత్తగా వేసిన ప్లగ్గు ఒక్కవైపే దూరుతుంది. పాత ప్లగ్గు నా జేబులో వేసుకున్నాను. చెత్తబుట్టలో పడేస్తే ఆవిడ ఏరుకుంటుందని భయం.

మెయిన్ వేశాను. టెస్టర్ కిమ్మనలేదు. మాక్సీన్ వచ్చి, మళ్ళీ ఒట్టి కాళ్ళతోనే, తలుపు పిడి పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"వెళ్ళగొట్టేశావు," అంది.

ఏం చెయ్యాలో తెలియక చేతితొడుగు తీసి, "ఇదిగో, నా చెయ్యి పట్టుకో," అన్నాను.

పట్టుకుంది. మంచులాంటి వేళ్ళు. కళ్ళు మూసుకుని, చెవి ఒగ్గినట్టు తల వంచి, ఏదో వస్తుందని ఎదురుచూసింది. తర్వాత మెల్లగా వదిలేసింది.

"నీ చేతిలో ఏమీ లేదు, ఆర్విల్," అంది.