కొన్న సినిమా ఎక్కడికి పోతుంది

ఆదివారం మధ్యాహ్నం. మంచం మీద ఆరిన బట్టల గుట్ట ముందేసుకుని ఆమె మేజోళ్ళకి జతలు వెతుకుతోంది. పక్కనే దిండుకి జేరబడి భర్త, చేతిలో రిమోటు. ఏది చూడాలో తేలక, టీవీలో సినిమా బొమ్మల వరసల్ని పైకీ కిందకీ జరుపుతున్నాడు. వాటిల్లో ఒకటి కళ్ళ ముందు నుంచి జారిపోయేసరికి ఆమె చేతిలో మేజోడు అలాగే ఉండిపోయింది.

"ఆగండాగండి. వెనక్కెళ్ళండి. అదే, ఆ నీలం గొడుగు బొమ్మ."

బొమ్మ పెద్దదైంది. దాని కింద రెండు మాటలు: అద్దెకు తీసుకోండి, కొనుక్కోండి.

"ఇదా? మనం చూసిన సినిమాయేగా," అన్నాడతను.

"నేను చూళ్ళేదు."

"అదేంటి, ఇద్దరం కలిసే వెళ్ళాం! పాపని కూడా తీసుకెళ్ళాం. గుర్తులేదూ?"

గుర్తులేకేం. పాప పుట్టాక మొదటిసారి ఇల్లు కదిలిన రోజది. సినిమాలో ఒకావిడ మొగుడి చొక్కాకి గుండీలు కొనడానికి బయల్దేరి, దుకాణం దాటి, వీధి దాటి, వచ్చిన బస్సెక్కి ఏదో ఊరు వెళ్ళిపోతుంది. ఎందుకెళ్ళిందో ఆవిడకే తెలీదు. అక్కడ పుస్తకాలు కుట్టే షాపులో పనికి కుదురుతుంది. ఇంటర్వెల్ అయిన కాసేపటికి ఆవిడ తలుపు వైపు వీపు పెట్టి పుస్తకం కుడుతుంటే, వెతుక్కుంటూ వచ్చిన మొగుడు ఆ తలుపు దగ్గర నిలబడతాడు. సరిగ్గా అప్పుడే పాప గుక్కపెట్టింది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి విసుక్కున్నారు. భర్త ఆమె మోచేతిని తట్టాడు. వెళ్ళు అనలేదు, తట్టాడంతే. మిగతా సినిమా అంతా ఆమె బయట వరండాలో పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ వింది. తలుపు వెనకాల సంగీతం లేచింది, తగ్గింది. ఒకసారి హాలంతా నవ్వింది. ఎందుకు నవ్వారో! ఇంటికొస్తూ దారిలో అడిగింది, చివరికి ఏమైందని. "ఏముంది, మామూలే. కలుస్తారు," అన్నాడు. ఆ తర్వాత ఎవరి ముందు ఆ సినిమా మాట వచ్చినా "మేం చూశాం" అనేవాడు. ఆ "మేం"లో తను ఉందో లేదో ఆమెకి అర్థమయ్యేది కాదు. గిన్నెలు తోముతూ, బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ, ఆ షాపులో ఆవిడని మనసులో ఎన్ని రకాలుగా వెనక్కి తిప్పిందో లెక్కలేదు. ఒకసారి సూది కింద పెట్టి తిరిగేది. ఒకసారి తిరిగేదే కాదు.

"సరే, అంతగా అయితే అద్దెకి తీసుకో," అన్నాడు భర్త. "ఒక్కసారి చూసేదానికి కొనడమెందుకు? మొదలెడితే రెండ్రోజులు ఉంటుంది. చూసి పడెయ్."

ఆమె సరేనంది. అద్దెకి తీసుకుంది. బట్టలు బీరువాలో సర్ది వచ్చి కూర్చుంది. గుండీలావిడ ఇంకా బస్సెక్కలేదు, భర్త అక్కగారు, అంటే వదినగారు, పిల్లలిద్దర్నీ వెంటేసుకుని దిగింది. "సినిమా చూస్తున్నావా? చూడు చూడు, మేమేం పరాయివాళ్ళమా," అంటూనే రిమోటు కొడుక్కిచ్చింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. మర్నాడు తను పనిచేసే క్లినిక్కులో ఆలస్యమైంది. ఆ తర్వాత రోజు కూతురు స్కూలుకి అట్టముక్కలతో వంతెన కట్టాలంది. జిగురు ఆరేదాకా ఆ వంతెనని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది తనే. చేతులు కడుక్కొచ్చి చూస్తే టీవీలో గొడుగు బొమ్మ కింద మళ్ళీ ఆ రెండు మాటలే ఉన్నాయి.

"గడువు దాటిపోయిందా?" భర్త నవ్వాడు. "నిజంగా చూడాలని ఉంటే చూసేదానివే."

ఆ మాట ముల్లులా దిగింది. నిజమేనేమో, తనకే అంత ఇష్టం లేదేమో అని కూడా అనిపించింది. ఇలాంటి మాటల్లో ఉన్న చిక్కే అది. విన్న మనిషి తన మీద తనే సాక్ష్యం చెప్పుకోవడం మొదలెడుతుంది.

కూతురు ఫోన్లోంచి తలెత్తకుండానే తీర్పు చెప్పింది. "కొనేసుకోమ్మా. అప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు."

కొన్నారు కూడా. ఆమె పుట్టినరోజుకి భర్తే కొనిపెట్టాడు. వదినగారి కుటుంబమంతా కూర్చుని ఉండగా టీవీ పెట్టి, "చూశావా, ఇక నీదే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "అదృష్టవంతురాలివి. మా ఇంట్లో ఆయనకి నా పుట్టినరోజే గుర్తుండదు," అంది వదిన. అతని ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. చెడ్డవాడు కాడు. ఆమె కూడా సంతోషపడింది. కాసేపు చూద్దామని ఎవరూ అనలేదు, అదొక్కటే. అందరికీ ప్లేట్లు పెట్టే వేళయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక కొత్త మాట పుట్టింది. ఆమె రిమోటు అందుకుంటే చాలు, "నీది కొన్నాంగా, ఎక్కడికి పోతుంది? ముందు ఈ ఆట అవనీ," అనేవాడు భర్త. "నీది ఎప్పుడైనా చూసుకోవచ్చమ్మా, నాది ఇవాళే కొత్త భాగం వచ్చింది," అనేది కూతురు. వాళ్ళకి వాళ్ళవి పోతాయని భయం. ఆమెది పోదు. అందుకని అది ఆగాలి. ఆట ముగిసేదాకా, చుట్టాలు వెళ్ళేదాకా, ఎండాకాలం వెళ్ళేదాకా. "ఎప్పుడైనా" అనే మాట ఎంత పెద్ద గోతామో ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. వదిలేసిన పాట, నేర్చుకుంటానన్న ఈత, ఊళ్ళోనే ఉన్నా వెళ్ళి చూడలేకపోయిన స్నేహితురాలు, అన్నీ అందులోనే పడి ఉన్నాయి. ఎవరూ వద్దనలేదు. ఎప్పుడైనా అన్నారు.

ఆమె పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పని అంతా నోటి నిండా పరికరాలున్న మనుషుల పక్కన నిలబడి గొట్టంతో ఉమ్ము తీయడం, పరికరాలు అందించడం, ఉడకబెట్టడం. డాక్టరు ఆమె కంటే చిన్నవాడు. అయినా వచ్చినవాళ్ళతో "మా అమ్మాయి చూసుకుంటుంది" అంటాడు. వాళ్ళ కంటి చివర నీళ్ళు వస్తే, డాక్టరుకి కనబడకముందే కాగితంతో అద్దేది ఆమే. మధ్యాహ్నం క్లినిక్కు మూసి సాయంత్రం మళ్ళీ తెరుస్తారు. ఆ మధ్య విరామంలో డాక్టరు ఇంటికెళ్ళి నిద్రపోతాడు. ఆమె ఇంటికెళ్ళి బట్టలు తీస్తుంది, కూరలు తరుగుతుంది, కూతురు వచ్చే వేళకి ఏదో ఒకటి చేసి మూతపెట్టి పరుగున తిరిగొస్తుంది. దాన్ని కూడా విరామం అనే అంటారు.

ఒక సాయంత్రం ఆమె పొయ్యి తుడుస్తుంటే భర్త బాల్కనీలో అక్కగారితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. వదినగారూ వాళ్ళాయనా సెలవుల్లో ఎక్కడికో తిరిగి రావాలనుకుంటున్నారు. పిల్లలిద్దర్నీ ఎక్కడ వదలాలన్నది సమస్య.

"దానికింత ఆలోచనెందుకక్కా? పంపించెయ్. తనుంటుందిగా. క్లినిక్కులో సెలవులు కూడా బోలెడు పోగేసింది," అని నవ్వి, "తనెక్కడికి పోతుంది!" అన్నాడు.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. అతను ఆ మాట ఎంత ముద్దుగా అన్నాడంటే, ఆ గొంతులో ఆమె మీద నమ్మకం కూడా ఉంది. పుట్టినరోజు నాడు "నీదే" అన్న గొంతూ అదే. ఇంట్లో ఏది ఎక్కడికీ పోదో దాని వంతు ఎప్పటికీ రాదు. పెళ్ళయినప్పట్నుంచీ తను చేసిన తప్పేదైనా ఉంటే అది ఒక్కటే, ఎక్కడికీ పోకపోవడం. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరున్నారా అని ఆలోచిస్తే ఒక్క ముఖమూ తట్టలేదు. గుడ్డ పిండి ఆరేసింది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు వెళ్ళిపోయాక రిసెప్షన్లో కూర్చునే పిల్ల తన సంచి సర్దుకుంటూ, "ఇంటికి బయల్దేరలేదా అక్కా?" అంది.

"ఇవాళ వెళ్ళను. ఈ ఫోన్లో సినిమా అద్దెకి ఎలా తీసుకోవాలో చూపించవూ? నా పేరు మీద."

ఆ పిల్ల సినిమా పేరు చూసి పకపకా నవ్వింది. "ఇది మీ ఆయన కొనిపెట్టాడని మీరే చెప్పారుగా! ఇంట్లో కొన్నది పెట్టుకుని ఎవరైనా అద్దెకి తీసుకుంటారా?"

"కొన్నది ఎక్కడికీ పోదు కదమ్మా. అందుకని."

ఆ పిల్ల నవ్వు ఆపి, ఆమె ముఖంలోకి ఓసారి చూసి, అద్దెకి తీసుకోవడం చూపించింది. పళ్ళ బొమ్మలు చూపించే తెరకి ఫోను తగిలించి, రోగులు పడుకునే కుర్చీని వెనక్కి ఎలా వాల్చాలో ఆమెకి తెలిసినా తనే వాల్చి, బయట తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

రోజూ తుడిచే కుర్చీయే. అందులో పడుకోవడం మాత్రం అదే మొదలు. పైకప్పు ఇలా ఉంటుందని ఆమెకి తెలీదు, ఓ మూల చెమ్మ మరక కూడా ఉంది. ఫోను మోత ఆపేసింది. గుండీలావిడ బయల్దేరింది, బస్సెక్కింది, పుస్తకాలు కుట్టింది. మొగుడు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమెకి తెలియకుండానే భుజం కదిలింది, దాని మీద ఏదో బరువు ఉన్నట్టు.

ఆవిడ వెనక్కి తిరిగింది. ఇద్దరూ చూసుకున్నారు. అతను చేతిసంచిలోంచి గుండీ లేని చొక్కా తీసి చూపించాడు. హాలంతా నవ్వింది ఇక్కడన్నమాట. ఆవిడ కూడా నవ్వేసింది. బస్సెక్కారు. పాటొకటి వచ్చింది, చాలా పొడుగు పాట. అయిపోయింది.

ఆమె కాసేపు ఖాళీ తెర కేసి చూసింది. ఇదా? భర్త అబద్ధమాడలేదు. మామూలే. కలుస్తారు. గిన్నెల దగ్గర తను కట్టిన ముగింపుల్లో ఏ ఒక్కటీ ఇంత చప్పగా లేదు. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. రోజూ రోగుల కళ్ళు అద్దే కాగితాల పెట్టె చేతికందే దూరంలోనే ఉంది, ఒకటి లాక్కుంది. బాగాలేదు ఆ సినిమా. బాగాలేదని ఇప్పుడు తను చెప్పగలదు. వినే మనిషి లేడు, అయినా చెప్పగలదు. "ఏం బాలేదు," అని గదిలో పైకే అంది.

ఆ తర్వాత ఫోను తీసి వదినగారికి చేసింది.

"వదినా, సెలవుల్లో పిల్లల్ని నేను చూసుకోలేను."

"అదేంటి, తమ్ముడు సరేనన్నాడే!"

"ఆయన సరేనంటే ఆయన్ని చూసుకోమనండి. ఆయనకీ సెలవులుంటాయి. నావి నాక్కావాలి."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది వదినా."

"సరేలే, తమ్ముడితో మాట్లాడతా," అని పెట్టేసింది. ఆ మాటలో ఎంత దూరముందో ఆమెకి వినబడింది. ఇకమీదట పుట్టినరోజులకి చప్పట్లుండవు.

డాక్టరు తలుపు తోసుకుని వచ్చి కుర్చీలో ఆమెని చూసి గతుక్కుమన్నాడు. "ఏమైంది, పన్ను నొప్పా?"

"లేదండీ. కూర్చున్నానంతే," అంది. తొందరపడకుండా లేచి, కుర్చీ తుడిచి, చేతులు కడుక్కుంది.

ఇంటికి వెళ్ళేసరికి సంగతి ఆమె కంటే ముందే చేరింది. తీగ మీద బట్టలు అలాగే ఉన్నాయి. కూతురు తలుపేసుకుంది. భర్త హాల్లో టీవీ కట్టేసి కూర్చున్నాడు.

"అక్క దగ్గర నా పరువు తీశావు. ముందు నాకో మాట చెప్పకూడదూ?"

"చెబితే మీరు సర్దిచెబుతారు. మీరు సర్దిచెబితే నేను సర్దుకుపోతాను. అందుకే చెప్పలేదు."

అలాంటి జవాబు అతనెప్పుడూ వినలేదు. రిమోటు తీసి బల్ల మీద బోర్లించాడు. ఆమెకి ఇల్లంతా ఒక్కసారి ఖాళీగా, తనది కానట్టుగా తోచింది. ఇక ఎన్నాళ్ళు మాటల్లేకుండా నడుస్తుందో తెలీదు. ఒంటరితనం ఆమెకి కొత్త కాదు. ఇన్నాళ్ళూ అందరి మధ్యా, అందరి పనుల మధ్యా ఒంటరిగా ఉంది. ఇవాళ్టి ఒంటరితనంలో కనీసం తను ఉంది.

"సరే, పిల్లల్ని చూడనన్నావు," అన్నాడు చివరికి, పెదవి విరుస్తూ. "మరి అన్ని సెలవులూ పెట్టుకుని నువ్వేం చేస్తావట?"

ఎత్తిపొడవడానికే అడిగాడు. కానీ ఆ ఇంట్లో ఎవరైనా ఆమెని ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఆమె నిజంగానే ఆలోచించింది. జవాబు దొరకలేదు. దొరకనందుకు భయమూ వేయలేదు.

"ఇంకా తెలీదు," అంది. "తెలుసుకోవడానికే పెడుతున్నాను."