పద్నాలుగు జానలు

పొద్దున్న లేవగానే వేంకటరమణమూర్తి గారికి మొదట రోత పుట్టేది పళ్ళపొడి డబ్బా మీద. మూత చుట్టూ తడిసి గడ్డకట్టిన పొడిని చూసి "ఛీ" అనేవారు. డబ్బా జానెడు వెనక్కి జరిగేది. అందుకని హైమవతమ్మ అలమరలో దాని వెనక జానెడు జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారు.

ఆయన బరంపురంలో ముప్పై మూడేళ్ళు కెమిస్ట్రీ చెప్పారు. పిల్లలు సరిగా కడగని గాజు గొట్టాలు చూసీ చూసీ అబ్బిన గుణం అది. ఆయన "ఛీ" అన్నది ఏదైనా సరే, జానెడు దూరం పోవాల్సిందే. దీన్ని ఎవరూ వింతగా చూడలేదు సరికదా, వాడుకున్నారు కూడా. నెలకోసారి వీధివాళ్ళు వచ్చి పిలిస్తే, ఆయన కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని చెత్తకుప్ప ముందు నిలబడి అరవైసార్లు "ఛీ" అనేవారు. కుప్ప పక్కవీధిలోకి వెళ్ళిపోయేది. పక్కవీధి పైడన్న అర్జీ రాసి, ఎవరికివ్వాలో తెలీక ఆయనకే తెచ్చిచ్చాడు. అందులో తప్పులు చూసి ఆయన అన్న "ఛీ"కి పైడన్న జానెడు వెనక్కి జరిగి కాలవలో పడ్డాడు.

వస్తువులనైతే హైమవతమ్మ మళ్ళీ చేత్తో ముందుకి తోసేవారు. మనుషుల్ని అలా తోయడం కుదరదు.

ఆరేళ్ళ కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సౌందర్య, మార్కండి అనే పల్లెకి చెందిన వేణు అనే కారు మెకానిక్కుని పెళ్ళి చేసుకుని దండతో వాకిట్లోకి వచ్చింది. మూర్తి గారు మెట్ల మీద నిలబడి పద్నాలుగుసార్లు "ఛీ" అన్నారు. పిల్ల పద్నాలుగు జానలు వెనక్కి జరిగి గేటు బయట పడింది. అప్పటినుంచి ఎప్పుడొచ్చినా గేటు దగ్గరే ఆగిపోతుంది. దాటాలని కాలెత్తితే కాలు అక్కడే దిగుతుంది. తల్లి ఆవకాయ జాడీ గేటు మీంచే అందిస్తుంది.

ఇప్పుడు సౌందర్యకి నెలలు నిండాయి. తొలి కాన్పు.

"రేపు మార్కండి ఎల్తన్నాను. మూడు నెల్లు అక్కడే ఉంటాను," అన్నారు హైమవతమ్మ.

"మూడు నెలలా? నాకెవరు వండుతారు?"

"కెమిస్ట్రీ చదివేరు కదా, వండుకోండి. పురిటికి పిల్ల పుట్టింటికి రావాలి. దాన్ని రానివ్వలేదు మీరు. అంచేత పుట్టిల్లే దాని దగ్గరికి ఎల్తాది. కారు బాగయితే కారులో, లేపోతే ఆటోలో."

ఆవిడ నడుముకి ఆటో పడదని ఇద్దరికీ తెలుసు. కారేమో షెడ్డులో నోరు తెరుచుకుని ఉంది. ఎనభై ఆరులో కొన్న తెల్లకారు. ఎవరెవరో ఉమ్మిన సీటు మీద కూర్చోనని ఆయన బస్సూ ఆటో ఎక్కరు కనక ఇన్నేళ్ళుగా దాన్ని వదల్లేదు. పోయిన వారం కాసులు అనే మెకానిక్కు నీళ్ళ పంపు మారుస్తూ, తుప్పుపట్టిన బోల్టు తిరగకపోతే పానాకి గొట్టం తగిలించి బలంగా లాగాడు. బోల్టు టక్కున విరిగింది. తలకాయ ఊడొచ్చింది, మొండెం ఇంజిన్లో ఉండిపోయింది. ఆ మాట చెప్పాడా? లేదు. పైన జిగురు పూసి, దాని మీద నల్లరంగు వేసి, "అయిపోయింది సార్" అని పోయాడు. మూడోనాటికి అక్కణ్ణించి కిళ్ళీ ఉమ్ములాంటి ఎర్రనీళ్ళు కారాయి. తుప్పు కన్నా ఆ రంగువేతే మూర్తి గారికి ఎక్కువ రోత పుట్టించింది. తప్పు చేసినవాణ్ణి క్షమించొచ్చు, తప్పుకి రంగేసినవాణ్ణి ఎలా?

హైమవతమ్మ ఆయన్ని అడక్కుండానే అల్లుడికి ఫోను చేశారు.

వేణు వచ్చాడు. వెంట సౌందర్యా వచ్చి, గేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో గొడుగేసుకుని కూర్చుంది. షెడ్డు గేటుకి ఎదురుగానే ఉంది కాబట్టి కారు మూతి ఆమె వైపే. మూర్తి గారు అటు చూడకుండా షెడ్డులోకి వెళ్ళి, అల్లుడి గోళ్ళలో నల్లటి గ్రీజు చూశారు.

వేణు కిరసనాయిలు పోసి నానబెట్టాడు. వేడి చేశాడు. మొండెం నడిమధ్య సన్నగా డ్రిల్లు దింపి, ఎడమకి తిరిగే మరలున్న ఉక్కుపుల్ల బిగించి తిప్పాడు. ఆ పుల్ల కూడా లోపలే విరిగింది.

"అయిపోనాది మావగారు. దీని మీద ఇంక డ్రిల్లు దిగదు. ఇంజిను దింపి లేతు షాపుకి పంపాల. వారం పడతాది."

"ఛీ," అన్నారు మూర్తి గారు, వంగి చూసి.

వేణు గబుక్కున లైటు పట్టుకు చూశాడు. "ఆగండాగండి! బిగుసుకుపోనాది గనక జానెడు కాదు గానీ, ఒక మర లోపలికి దిగింది! మీరు ఎదర నిలబడి అంటే లోనకే పోద్ది గదండీ. కారెక్కి ఎనకనించి అనండి, బయటికొస్తాది."

"నాకు పని చెప్తావుటోయ్?"

"సెప్పక? మీ నోరే ఇక్కడ పానా."

గేటు బయట సౌందర్య ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఆరేళ్ళయింది.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. లేపిన బానెట్టు ఎదురుగా గోడలా ఉంది. బోల్టు కనబడదు, గేటూ కనబడదు. కాసుల్ని తలుచుకుని "ఛీ" అన్నారు. లోపలికి దిగిన మర వెనక్కి వచ్చింది, అంతే. చెత్తకుప్పని తలుచుకుని అన్నారు. కదల్లేదు. రోజువారీ రోత ఆ ఇనుముకి చాల్లేదు.

"గట్టిది తియ్యండి మావగారూ," అన్నాడు వేణు.

గట్టిది ఏదో ఆయనకి తెలుసు. కళ్ళు మూసుకున్నారు. మెట్లు. వాడిన దండ. పక్కన గ్రీజు గోళ్ళు. ఆనాటి మొదటి "ఛీ"ని లోపల్నించి పెకలించి బోల్టు మీద పెట్టారు.

"వచ్చింది! ఒక మర!"

ఒకే "ఛీ" రెండుచోట్ల ఉండలేదు. ఇక్కడ పెడితే అక్కడ లేనట్టే. రెండోది తీశారు. మూడోది. ఒక్కొక్కటీ గొంతు గీరుకుంటూ వచ్చింది. తొమ్మిదో దానికి చెమటలు పట్టాయి. కోపంతో అన్నవి తేలిగ్గానే వచ్చాయి, వీధివాళ్ళు చూస్తున్నారని అన్నవి మాత్రం ప్రాణం తీశాయి. పద్నాలుగోది అనగానే బోల్టు ముక్క ఠంగుమని నేల మీద పడింది.

వేణు కొత్త బోల్టుకి గ్రీజు రాసి, చేత్తోనే సగం దాకా తిప్పి, తరవాత పానాతో బిగించాడు. నీళ్ళు పోశాడు. చుక్క కారలేదు. బానెట్టు దించాడు.

దాని అవతల, కారు మూతి మీద చెయ్యి ఆన్చుకుని, సౌందర్య నిలబడి ఉంది. గేటు ఆమె వెనక ఉంది.

హైమవతమ్మ వచ్చి కూతురి చేతిలో గొడుగు మడిచి, "ఎండలో ఎంతసేపే, లోపలికి రా," అని తీసికెళ్ళి, మార్కండికని సర్దిన పెట్టె విప్పి చీరలు మళ్ళీ బీరువాలో పెట్టుకున్నారు. బాగైన కారు మర్నాడు ఎక్కడికీ వెళ్ళలేదు.

తరవాతి నెల వీధివాళ్ళు పిలిస్తే మూర్తి గారు వెళ్ళి అరవైసార్లూ అన్నారు. కుప్ప ఉలకలేదు. బోల్టుతోపాటే ఆ మాటలో బలమూ ఊడొచ్చేసింది. పైడన్న చూసి ఆనందించాడు. ఆ కంపు ఇప్పటికీ వీధంతా ఉంది.

ఇంటికొస్తే కూతురు పసిదాన్ని ఒళ్ళో పెట్టింది. పెట్టీ పెట్టగానే పంచె వెచ్చగా, పచ్చగా తడిసింది.

"ఛీ!" అన్నారాయన.

పిల్ల వెంట్రుకవాసి కూడా జరగలేదు.