గొంగడి మీద కాలు

రేపు పొద్దున పెంటయ్య వంగి పెట్టె ఎత్తాలి. కాంట్రాక్టరు పెట్టిన డాక్టరు చూస్తుండగా ఎత్తాలి. ఎత్తితే విమానాశ్రయంలో ట్రాలీలు తోసే పని నిలుస్తుంది. ఎత్తలేకపోతే గేటు పాసు లాక్కుంటారు. యాభై దాటిన వాళ్లందరికీ ఈ పరీక్ష పెట్టారు. ఎవరిని వదిలించుకోవడానికి పెట్టారో తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

పెంటయ్య చాప మీద బోర్లా పడి ఉన్నాడు. నడుము పట్టేసింది. జొన్న చేలో నాగలి పట్టిన నడుము అది. ఆ చేను ఇప్పుడు రన్‌వే కింద ఉంది. చేను పోయిన మనిషికి, ఆ చేను మీద దిగినవాళ్ల సామాను బండ్లు ఏరి తోసుకొచ్చే పని దొరికింది. మీటింగుల్లో దాన్ని ఉపాధి అంటారు.

పట్టేసిన నడుమును కొడుకు ఇంకా చెడగొట్టాడు. వీరేందర్ క్యాబ్ నడుపుతాడు. "చిన్నప్పుడు నీ నడుము నేనే తొక్కేటోన్ని గద బాపూ" అంటూ మొన్న వీపెక్కాడు. ఇప్పుడది చిన్నప్పటి బరువా? సరిగ్గా వెన్నుపూస మీదే కాలేశాడు. ఆ అరుపుకు పక్కింటి రాములు గోడ మీంచి తొంగి చూశాడు. ఆ సాయంత్రమే షిర్డీకి కిరాయి దొరికిందని వీరేందర్ బండి తీసుకుని పోయాడు. కిరాయి నిజమే. మొహం చెల్లకపోవడమూ నిజమే.

ఇంట్లో నడుముల సంగతి తెలిసిన మనిషి ఒకతి ఉంది. కోడలు నిర్మల. విమానాశ్రయం దగ్గరి పెద్ద హోటల్లో, స్పా అని బోర్డున్న చల్లటి గదుల్లో, ఆమె రోజంతా చేసేది ఆ పనే. దేశదేశాల మగవాళ్ల వీపులు పిసికి తెచ్చే జీతంతో ఇల్లు గడుస్తుంది. అందరూ తింటారు. కానీ కోడలు మామను ముట్టుకోకూడదు. మామ కూర్చున్న మంచం మీద కూర్చోకూడదు. ఇక కాలు తగలడమా, ఆ మాటే ఎత్తకూడదు. ఈ కట్టుబాటు పెట్టినవాళ్లకు నడుము నొప్పి ఎన్నడూ వచ్చినట్టు లేదు.

నిర్మల డ్యూటీ దిగి వచ్చేసరికి ఎండ వాలుతోంది. వాకిట్లో బకెట్లో చేతులు ముంచి అలాగే కాసేపు కూర్చుంది. బొటనవేళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? వేళ్లు బాగుపడతాయా?

హోటల్లో ఆమెకు రెండు విద్యలు నేర్పించారు. మొదట థాయ్‌లాండ్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. నేల మీద పరుపు, ఒంటి మీద బట్టలు అలాగే, నూనె లేదు. చేతుల బలం వాడొద్దు, ఒంటి బరువు వాడు, పాదంతో నొక్కు, మోకాలితో నొక్కు, మనిషిని మెల్లగా సాగదీయి. తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనది రెమిడియల్ పద్ధతి. నూనె రాసి, కండలో ముడి ఎక్కడుందో వేళ్లతో వెతికి పట్టుకుని, అది వదిలేదాకా బొటనవేలితోనో మోచేతితోనో అదిమి ఉంచాలి. రెండూ మంచివే. హోటలువాళ్లు మాత్రం రెండింటినీ కలిపి ఒకే గంటలో ఇరికించి కాంబో అని పేరు పెట్టారు. వచ్చేవాడికి రేటు పెరిగింది. చేసేది ఒక్కతే. మొదటి పద్ధతి వేళ్లను కాపాడితే రెండోది వాటిని తినేస్తుంది. మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు.

ఇంకొకటి. మనిషి మీద కాలు పెట్టిన ప్రతిసారీ నిర్మల చెయ్యి దానంతటదే కిందికి పోయేది. ఆ మనిషిని తాకి, వేళ్లు కళ్లకద్దుకునేది. కాలు తగిలితే అలా చేయాలని పుట్టినప్పటి నుంచీ ఒంట్లో నాటుకుంది. థాయ్ టీచరమ్మ కసిరింది, లయ చెడుతోందని. మేనేజరుకు మాత్రం అది తెగ నచ్చింది. గెస్టులు ముచ్చట పడుతున్నారట. మిగతా ఆడపిల్లలను కూడా అలాగే చేయమన్నాడు. పాపభయాన్ని కూడా రేటులో కలిపేశాడు మహానుభావుడు.

కాటేదాన్ ప్లాస్టిక్ కంపెనీ నుంచి అత్త సత్తెమ్మ వచ్చి, చెప్పులు విడవకుండానే మొగుడిని చూసింది.

"ఇంక గట్లనే పన్నవా?"

"లేస్తలేదే. రేపు ఇగ నన్ను మోసుకపోయి ఆ డాక్టరు ముంగట పడేయుండ్రి."

"మోస్తరు. నలుగురు రావాలె దానికి. జర నోరు మంచిగ పెట్టు."

నిర్మల గడప అవతల, వీపు ఇటు తిప్పి నిలబడింది. "అత్తమ్మా, నేను చెప్త. నువ్వు చెయ్యి. నూనె రాసి, తుంటి పైన, పక్కకు... ఆడ గట్టిగ ముడి లెక్క తగుల్తది."

సత్తెమ్మ కూర్చుని నువ్వుల నూనె రాసి వెతికింది. "తగిలింది. చింతగింజంత ఉన్నది."

"మోచేయి పెట్టి మెల్లగ ఒరుగు. పొడవకు. ఒరుగు."

సత్తెమ్మ పొడిచింది. పెంటయ్య లేగదూడలా అరిచాడు.

"ఓసి నీ... పగ తీర్చుకుంటున్నవా?"

"పగ తీర్చుకోవాలంటే గీ ఒక్క మోచేయి సాలుతదా నీకు?"

"గట్ల కాదత్తమ్మా. ముందు చుట్టూ ఉన్న కండ మెత్తవడాలె. తొడలు, పిర్రలు కాళ్లతోని తొక్కాలె. అప్పుడే ముడి మాట వింటది."

"నేను తొక్కాల్నా? మొగని మీద కాలేస్తే ఏ నరకానికి పోత?" అంటూనే సత్తెమ్మ లేచి ఒక కాలు పెట్టి చూసింది. ఆమె బరువు ఏపాటిది? పైగా సగం మోపి ఆపేసింది.

"పిట్ట వాలినట్టున్నది" అని చాపలోకి మూలిగాడు పెంటయ్య. కాసేపటికి ఆ మూలుగు ఏడుపైంది. "పాసు పోతది సత్తీ. పాసు పోతే నన్నెవడు పనిల వెట్టుకుంటడు? దున్నుకుందమంటె చేనున్నదా?"

ఆ మనిషి ఏడవడం నిర్మల ఎప్పుడూ వినలేదు. చేనుకు పరిహారం లెక్క కట్టిన రోజు కూడా ఏడవలేదని అత్త చెప్పేది.

సత్తెమ్మ లేచి వెళ్లి దండెం మీది గొంగడి గుంజుకొచ్చింది. మడతలు విప్పి మొగుడి మెడ నుంచి మడమల దాకా కప్పింది.

"నిర్మలా, లోపలికి రా."

"అత్తమ్మా..."

"గొంగడిని తొక్కు. కింద ఏమున్నదో నీకెందుకు? నువ్వు మామను ముట్టలే, గొంగడినే తొక్కినవ్. రేపు ఎవలన్న అడిగితే నేను చెప్త."

నిర్మల లోపలికి వచ్చింది. తల మీది కొంగు సర్దుకుంది. హోటల్లో పట్టుకోవడానికి పైన కర్ర కడ్డీలుంటాయి. ఇక్కడ కిటికీ ఊచలు పట్టుకుని, ఒంటి బరువులో సగం వాటి మీద ఆన్చి, కాలు మోపింది. వెన్నుపూసను వదిలి పక్కల నుంచి, తొడల మీంచి, మెల్లగా నొక్కుతూ పోయింది. ప్రతి అడుగుకూ వంగింది, గొంగడిని తాకింది, కళ్లకద్దుకుంది. వంగిన ప్రతిసారీ బరువు తప్పింది.

గొంగడి కింద నుంచి మాట వచ్చింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మామ ఆమెతో నేరుగా మాట్లాడింది తక్కువ.

"మొక్కుడు ఆపు బిడ్డా. తొక్కు."

ఆమె ఆపింది. ఊచలు పట్టుకుని కళ్లు మూసుకుని తొక్కింది. నేర్చుకున్నది ఇన్నాళ్లకు సరిగ్గా చేసింది, జీతం లేని చోట. కండ మెత్తబడ్డాక దిగి పక్కకు జరిగింది. సత్తెమ్మ గొంగడిని నడుము దాకా మడిచి, నూనె రాసి, ఈసారి పొడవకుండా మోచేతితో ఒరిగింది.

"ఆడనే ఉండు అత్తమ్మా. కదలకు. మామ గట్టిగ ఊపిరి తీసి ఇడిసేదాక ఆగు."

ముడి వదిలింది. వదిలినట్టు సత్తెమ్మ మోచేతికే తెలిసింది. "అగో, జారింది!" అని చిన్నపిల్లలా అరిచింది. కిటికీ అవతల గోడ మీద రాములు తల కనిపించింది.

"ఏందే సత్తెమ్మా, కోడలు మామను తొక్కింది?"

"గొంగడి దులిపింది. నీ ఇంట్ల గొంగడి లేదా? పో, లోపలికి పో."

హోటల్లో ఒక్కతే చేసే పనిని ఇంట్లో ఇద్దరు పంచుకున్నారు. పంచుకుంటేనే అయింది. ఈ చిన్న సంగతి స్పా మేనేజరుకు ఎవరు చెప్పాలి? చెప్పినా వింటాడా?

మర్నాడు పెంటయ్య వంగాడు. పెట్టె ఎత్తాడు. డాక్టరు తల ఊపి సంతకం పెట్టాడు. పక్కనే నిలబడిన సూపర్‌వైజరు, "ఏం పెంటయ్యా, పడుచోని లెక్క ఎత్తినవ్. నీ నడుము మంచిగున్నది" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ట్రాలీల నుంచి తీసి లోడింగులో వేశాడు. విమానం కడుపులోకి పెట్టెలు ఎక్కించే పని. నడుము బాగలేదని పని తీసేసేవాళ్లు, బాగుంటే ఇంకా బరువైన పని ఇచ్చారు. బాగుచేయడం ఇంటి ఆడవాళ్ల చేతుల్లో ఉంది. విరగ్గొట్టే హక్కు పని ఇచ్చేవాళ్ల చేతుల్లో ఉంది.

ఆ సాయంత్రం నిర్మల ఇంటికి వచ్చేసరికి పెట్టెలు ఎక్కించి నడుము మళ్లీ పట్టేసిన పెంటయ్య తనే చాప పరుచుకున్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. సత్తెమ్మ నూనె సీసా తెచ్చి కోడలి ముందు పెట్టి, గిన్నె కోసం లోపలికి పోయింది. నిర్మల మూత తిప్పబోయింది. తిరగలేదు. బొటనవేలు సహకరించలేదు. ఇంకోసారి ప్రయత్నించి సీసా కింద పెట్టేసింది.

పెంటయ్య చూశాడు. చెయ్యి చాపి సీసా అందుకుని, మూత తీసి, నేల మీద ఆమె వైపు జరిపాడు.

"వేళ్లు ఎన్నొద్దుల సంది గట్లున్నయి?"

నిర్మల చేతులు కొంగులో దాచుకుంది.

"రేపు మా డాక్టరుకు చూపెడదమంటె, వాడు నీతోని గూడ పెట్టె ఎత్తిపిస్తడు" అన్నాడు.

నవ్వు రావాలి. గిన్నెతో వచ్చిన సత్తెమ్మతో సహా ముగ్గురిలో ఎవరికీ నవ్వే ఓపిక లేదు. నిర్మల కాళ్లు కడుక్కోవడానికి వాకిట్లోకి వెళ్లింది. పైన ఒక విమానం కిందికి దిగుతోంది. ఆమె తడి కాళ్లు కొంగుతో తుడుచుకుని తిరిగొచ్చేసరికి పెంటయ్య గొంగడిని తనే మెడ దాకా లాక్కుని, మొహం చాపలో పెట్టుకుని, తొక్కడం కోసం ఎదురుచూస్తున్నాడు.