మూయని అంచు

చలి తగ్గుముఖం పట్టిందంటే ఆ ఇంట్లో పని రెట్టింపయ్యేది. పెట్టెల్లో ఉన్నవీ, కొక్కేలకు వేలాడేవీ, మంచాల కింద దూరినవీ, ఉన్నిబట్టలన్నీ బయటికి లాగి, గోరువెచ్చని నీళ్ళలో ఉతికి, మేడమీద చాపలు పరిచి ఆరేసేది అల్లికలావిడ. తీగ మీద వేస్తే సాగిపోతాయని ఆవిడ భయం. వీధిలో ఎవరూ ఆవిడని పేరు పెట్టి పిలవరు. పుట్టబోయే బిడ్డ మేజోళ్ళ దగ్గర్నుంచి, రిటైరయిన హెడ్మాస్టరు బట్టతలకి టోపీ దాకా అన్నీ ఆవిడ చేతి మీదుగా పోవలసిందే.

మొగుడు సిటీబస్సు డ్రైవరు. ఇంట్లో కూడా వెనక జనం నిలబడి ఉన్నట్టే నెమ్మదిగా మలుపు తిరిగే మనిషి. కింది వాటాలో ఆయన అక్కగారు ఉంటుంది. బళ్ళో లెక్కలు చెబుతుంది. ఆవిడ క్లాసులో తుమ్ము వచ్చినా బెల్లు కొట్టేదాకా ఆపుకుంటారని పిల్లలు చెప్పుకుంటారు.

పిల్లల స్వెట్టర్లు అల్లడంలో అల్లికలావిడకి తనదైన పద్ధతి ఒకటుంది. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ వస్తుంది. నడుము దాకా వచ్చాక అందరిలాగా ఆఖరి వరస మూసెయ్యదు. కుట్లన్నిటినీ లావుపాటి దారం మీదికి ఎక్కించి, కొసలు ముడేసి వదిలేస్తుంది. చేతుల అంచులూ అంతే.

"ఎదిగే పిల్లలు. మూసేస్తే ఎలా? వచ్చే ఏడు నాలుగు వరసలు కలుపుకోవద్దూ?" అంటుంది.

కొడుక్కి నీలం స్వెట్టరు అలాగే అల్లింది. వాడిని గడుగ్గాయి అని పిలుచుకునేవాళ్ళు. నిద్రలో తప్ప ఒక్కచోట ఉండేవాడు కాదు. ఐదేళ్ళప్పుడు, ఓ చలికాలం, ఊపిరితిత్తులకి నిమ్ము చేరి పోయాడు. అప్పటికి వాడి చెల్లెలు ఒళ్ళో బిడ్డ.

ఆ చలికాలం గడిచాక, ఉన్నిబట్టలు ఆరేస్తుంటే, నీలం స్వెట్టరు బెత్తెడు పెరిగి కనిపించింది. అల్లికలావిడ మొగుణ్ణి కేకేసింది. ఆయన వచ్చి చాప పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఆరో ఏడు వచ్చిందిగా వాడికి" అన్నాడు.

అక్కగారు టేపు పట్టుకుని పైకొచ్చి కొలిచింది. "వయసుకి సరిపడానే ఉంది. మా వైపు వాళ్ళు కాస్త పొడుగు" అంది. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూసి, బాగానే ఎదిగాడని చెప్పి వెళ్ళారు. చెట్లు చిగురు వేసే రోజులు, స్వెట్టరు కూడా ఎదిగింది.

కొత్తగా వచ్చిన వరసలు మాత్రం నీలం కాదు, మట్టిరంగు. అదే రోజు డ్రైవరు మెడకి తన మట్టిరంగు మఫ్లరు చుట్టుకోబోతే ఒక చుట్టుకే అయిపోయింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, తెచ్చి కొడుకు స్వెట్టరు పక్కన పెట్టాడు. "కావలసినంత తీసుకోనీ" అన్నాడు.

అలా మరుసటేడు మఫ్లరు పూర్తిగా పోయింది. ఆ పై ఏడు అల్లికలావిడ ఎర్రశాలువా పోయింది. నీలం కింద మట్టిరంగు, దాని కింద ఎరుపు. అల్లికలావిడ కొత్త ఉన్ని ఉండలు కొని పక్కన పెట్టి చూసింది గానీ స్వెట్టరు వాటిని ముట్టలేదు. ఇంట్లోవాళ్ళ ఒంటి మీద వెచ్చబడ్డ ఉన్నే కావాలి దానికి. బయట ఎండలో అయితే బాగా ఎదుగుతుందని కూడా కనిపెట్టారు. అందుకని ఏటా ఎండ ముదరకముందే ఓ ఆదివారం, ఊరి చివర చెరువుగట్టు తోటకి అందరూ కలిసి వెళ్ళడం మొదలుపెట్టారు. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు కట్టుకుని, పిల్లతో, స్వెట్టరుతో.

అల్లికలావిడకి ఏడాది మొత్తం మీద బతికినట్టుండేది ఆ ఒక్క పూటే. స్వెట్టరు గడ్డి మీద పరిచి, పక్కన కూర్చుని, ఒక్కో వరసా వచ్చి చేరుతుంటే చూసేది. కొడుకు పోయినప్పుడు ఆవిడ ఏడవలేదు. ఎదుగుతున్నవాడి కోసం ఎందుకేడవాలి? కానీ కూతురికి మాత్రం ఒక్కటీ అల్లలేకపోయింది. ఊళ్ళో పిల్లలందరికీ అల్లిన చేతులు ఆ పిల్ల కొలతలు తీసుకుందామంటే కదిలేవి కావు. అల్లితే ఈ పిల్ల కూడా పోతుందేమోనన్న భయం ఆవిడని పట్టుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

కూతురు పిచ్చుక. పేరుకి తగ్గట్టు పిడికెడంత పిల్ల. ఐదేళ్ళు నిండిన చలికాలం దానికీ దగ్గు పట్టుకుంది, దగ్గు జ్వరమైంది, జ్వరం నిమ్ములోకి దిగింది. ఆసుపత్రి మంచం పక్కన డ్రైవరూ అల్లికలావిడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పిల్ల ఎలాగో గట్టెక్కింది. "మరోసారి చలి తగలనిచ్చారంటే మా చేతుల్లో ఉండదు" అని డాక్టరు చెప్పి పంపించాడు.

ఇక అక్కగారు ఊరుకోలేదు. జన్మలో సూది పట్టని మనిషి, పసుపురంగు ఉన్ని కొని తెచ్చి, నల్లబల్ల మీద లెక్కలు వేసుకుని మరీ మేనకోడలికి స్వెట్టరు అల్లింది. ఒక చెయ్యి లావు, ఒక చెయ్యి సన్నం. అయినా వెచ్చగా ఉంది.

"అంచు మూయాలా వద్దా?" అని మరదల్ని అడిగింది.

"మా ఇంట్లో మూయం కదా వదినా" అంది అల్లికలావిడ.

అక్కగారు మూయకుండానే పిల్లకి ఇచ్చింది.

ఆ ఏడు ఆదివారం తోటకి వెళ్ళినప్పుడు ఎండ బాగానే ఉంది గానీ చెరువు మీంచి చల్లటి గాలి కొడుతోంది. స్వెట్టరు పక్కన డ్రైవరు చేతి తొడుగులు పెట్టారు. మొక్కలకి నీళ్ళు పెడుతున్న తోటమాలి చూసి, "మీవాడికి ఇవేం సరిపోతాయి సార్, పెద్దాడవుతున్నాడు" అన్నాడు. నిజమే. తొడుగులు చేతుల అంచులకే చాలలేదు.

పెద్దవాళ్ళు చెట్టు కింద రొట్టెలు విప్పారు. పిచ్చుక మాత్రం అన్న స్వెట్టరు పక్కనే బోర్లా పడుకుని ఏదో కబుర్లు చెబుతోంది. కాసేపటికి అల్లికలావిడ అటు చూసింది. ఎరుపు కింద పసుపు వరస ఒకటి వచ్చింది. దాని కింద ఇంకొకటి. పిల్ల నడుము దగ్గర్నుంచి పసుపు దారం గడ్డి మీదుగా పాకుతూ వెళ్ళి స్వెట్టరులో కలిసిపోతోంది.

ఆవిడ చూసింది. పిల్ల ఒంటి మీద ఉన్ని తగ్గుతోందనీ తెలిసింది. అయినా లేవలేదు. వాడికి తొమ్మిదో ఏడు వచ్చేస్తోంది, భుజాలు వెడల్పవుతున్నాయి, ఇంకొక్క వరస వస్తే చాలు అనుకుంది. ఆ కాసేపూ ఆవిడకి ఎంత సంతోషంగా ఉందో చెప్పలేం. తర్వాత బతుకంతా ఆవిడ ఆ సంతోషాన్ని తల్చుకుని సిగ్గుపడింది.

"బిడ్డ వణికిపోతోందే! కళ్ళున్నాయా నీకు?" అక్కగారు రొట్టె పారేసి పరుగెత్తింది.

పిచ్చుక పెదాలు నీలంగా ఉన్నాయి. ఒంటి మీది పసుపు స్వెట్టరు పక్కటెముకల పైకి వెళ్ళిపోయింది. అత్త ఎత్తుకోబోతే పిల్ల గింజుకుంది.

"ఉండత్తా. అన్నయ్యకి ఇంకొంచెం కావాలి. నేనే ఇస్తున్నా."

"నువ్వివ్వడమేంటే పిచ్చిపిల్లా!"

"నాన్న ఇచ్చాడుగా. అమ్మ ఇచ్చిందిగా" అంది పిల్ల, దగ్గు తెరలోంచి. "నేను ఇవ్వకపోతే అన్నయ్య ఎదగడు. అప్పుడు అమ్మ ఇంక తోటకి రాదు."

ఆ దగ్గు అల్లికలావిడకి తెలిసిన దగ్గు. మూడేళ్ళ కిందట ఇంట్లో విన్న దగ్గు. ఆవిడ సూదుల సంచీ పట్టుకుని లేచింది. డ్రైవరు అప్పటికే చొక్కా విప్పి పిల్లకి చుడుతున్నాడు. దారం ఆగలేదు. పిల్లని చెట్టు అవతలికి ఎత్తుకుపోయినా వెనకే సాగుతూ వచ్చింది.

"ఏం చేద్దామే?" అన్నాడాయన. ఆయనకి తెలియక కాదు. ఆ మాట తన నోటితో అనలేక అడిగాడు.

"మూసేస్తానండీ" అంది ఆవిడ.

కొడుకు స్వెట్టరు ఒళ్ళోకి తీసుకుంది. కుట్లని సూది మీదికి ఎక్కించి, ఒకదాని మీదుగా ఒకటి దాటించి మూయడం మొదలుపెట్టింది. ఈ చివర మూస్తుంటే ఆ చివర కొత్త వరస మొదలవుతోంది. కొడుకుతో పరుగుపందెం పెట్టుకున్నట్టయింది ఆవిడ పని. బతికుండగా వాడు ఎప్పుడూ ఓడిపోలేదు. "చాల్లేరా నాన్నా, చాలు, ఇంక చాలు" అంటూనే చేతులాడించింది. నడుము అయింది, ఓ చెయ్యి అయింది, రెండో చెయ్యీ అయింది. ఆఖరి కుట్టులోంచి కొస లాగి, పసుపు దారాన్ని పళ్ళతో కొరికింది.

దారం ఆగిపోయింది.

"ఆ స్వెట్టరే తొడుగు దానికి. చలికి కొంకర్లు పోతోంది" అంది అక్కగారు. పిచ్చుక ఒంటి మీద మిగిలిన పసుపు ముక్క రొమ్ముని కూడా కప్పడం లేదు. డ్రైవరు కొడుకు స్వెట్టరు పిల్ల తలమీదుగా వేశాడు. తల దూరింది గానీ భుజాల దగ్గర ఇరుక్కుపోయింది. తొమ్మిదేళ్ళవాడి స్వెట్టరు ఐదేళ్ళ పిల్లకి పట్టకపోవడమేంటి?

అల్లికలావిడ అంచు పట్టుకు చూసుకుంది. బిగించేసింది. ఇరవై ఏళ్ళుగా సూదులు పట్టిన మనిషి, కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే పొరపాటు చేసింది. ఒక్క కుట్టు కూడా సాగకుండా, పిడికిలి బిగించినట్టు మూసింది.

మళ్ళీ విప్పాలి. విప్పితే మళ్ళీ తెరుచుకుంటుంది. మళ్ళీ తనే మూయాలి.

"నావల్ల కాదు వదినా" అంది.

"నీవల్లే అవుతుంది. నాకు రాదు" అంది అక్కగారు.

ఆవిడ విప్పింది. స్వెట్టరు ఏమీ అడగలేదు. పిల్ల వైపు చెయ్యి చాపలేదు. బుద్ధిగా ఒళ్ళో పడుకుని ఉంది. ఈసారి ఆవిడ తొందరపడలేదు. ఒక్కో కుట్టూ వదులుగా, లోపలికి ఓ మనిషి దూరడానికి చోటుండేలా మూసుకుంటూ వచ్చింది. మూస్తూ ఏడ్చింది. ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నదంతా, తోటలో జనం చూస్తున్నారన్న ధ్యాస లేకుండా, పెద్దగా ఏడ్చింది. డ్రైవరు పిల్లని గుండెకి అదుముకుని, చెరువు వైపు తిరిగి కూర్చున్నాడు.

స్వెట్టరు పిచ్చుకకి మోకాళ్ళ దాకా వచ్చింది. చేతులు నాలుగు మడతలు పెట్టాల్సి వచ్చింది. ఇంటికి వెళ్ళే బస్సులో పిల్ల నిద్రపోయింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరమేమోనని అందరూ మార్చి మార్చి నుదురు ముట్టుకున్నారు. జ్వరం కాదు. వెచ్చదనమే.

మరుసటి చలికాలం వీధిలో పిల్లలందరూ మంచాలెక్కారు. ఆసుపత్రి వరండాలో కూడా చోటు లేదు. పిచ్చుక మాత్రం నీలం, మట్టిరంగు, ఎరుపు, పసుపు చారలతో వీధంతా తిరిగింది. ఆ పై చలికాలమూ అంతే. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఈ పిల్లకి ఇంక నా అవసరం లేదన్నాడు. కాస్త ఎండ రాగానే అల్లికలావిడ ఉన్నిబట్టలు ఆరేసి, అలవాటుకొద్దీ టేపు పెట్టి కొలిచేది. స్వెట్టరు అంతే ఉండేది. ఆ పూట ఆవిడకి అన్నం సహించేది కాదు. తర్వాత పిల్లని పిలిచి గోడకి నిలబెట్టి, అదే టేపుతో దాన్నీ కొలిచేది.

మడతలు ఒక్కొక్కటే విప్పుతూ వచ్చారు. చివరికి ఓ ఆదివారం తోటలో, పిచ్చుక చేతులు ముందుకి చాపి చూసుకుంది. మణికట్లు బయటికొచ్చేశాయి.

"అమ్మా, ఇది నాకింక పట్టట్లేదు."

"చూశానే. కొత్తది అల్లుతాలే. ఏ రంగు కావాలో చెప్పు."

పిల్ల స్వెట్టరు చారల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.

"అన్నయ్యకి తొమ్మిదేళ్ళేనా ఇప్పటికీ?"

"తొమ్మిదే."

"నాకు పదొచ్చేసింది."

"అవును."

"అయితే అమ్మా, ఇప్పుడు నేను వాడికి అక్కనా?"

అల్లికలావిడ కూతురి జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"అక్కవే" అంది.

పిచ్చుక స్వెట్టరు విప్పింది. చేతులు లోపలికి మడిచి, ఒళ్ళో పడుకోబెట్టుకుంది. చెరువు మీంచి గాలి వస్తోందని గౌను అంచు లాగి దాని మీద కప్పింది.